రైలెక్కినోళ్ళకు జాబితా లేదు

సూరత్‌లో ఖటోదరా అంటే చాలామందికి జి.ఐ.డి.సి. షెడ్లు గుర్తొస్తాయి, కాస్త పాతవాళ్ళకైతే సబ్ జైలు. రింగ్ రోడ్డు మీద ఉధ్నా దర్వాజా నుంచి దక్షిణంగా కదిలితే కాసేపటికే వస్తుంది. దర్వాజా అని పేరేగాని అక్కడ తలుపూ లేదు, గోడా లేదు. మజూరా గేట్, సహారా దర్వాజా, మాన్ దర్వాజా, అన్నీ అంతే. కోటగోడ పోయింది, ద్వారాల పేర్లు మాత్రం ఆటోవాళ్ళ నోట్లో మిగిలాయి. ఆ గోడ ఉన్నన్నాళ్ళూ ఖటోదరా నగరానికి బయటి పల్లె. తర్వాత కార్ఖానాలొచ్చాయి, సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు వచ్చాయి, సాంచెల వెనకే మేమొచ్చాం.

మేమంటే నల్గొండ, వరంగల్, కరీంనగర్ దిక్కు పద్మశాలీలం. రైలు పట్టాలకు అవతల లింబాయత్‌లో మావాళ్ళు ఎక్కువ, ఇవతల ఖటోదరాలో తక్కువ. సూరత్ చరిత్ర తెరిస్తే ఇంగ్లీషు కంపెనీ కోఠీ, 1664లో శివాజీ దాడి, డచ్చివాళ్ళ సమాధులు, ఆర్మీనియన్ల సమాధులు కనిపిస్తాయి. సాంచె ముందు పన్నెండు గంటలు నిలబడ్డవాడి సంగతి ఆ పుస్తకాల్లో ఉండదు. దాన్ని రాయడానికి యాన్ బ్రెమన్ అనే ఇంకో డచ్చివాడే రావాల్సి వచ్చింది. ఆయన 1960లలో మొదలుపెట్టి దక్షిణ గుజరాత్ కూలీల మధ్యే దశాబ్దాలు తిరిగాడు. సమాధుల్లో ఉన్నవాళ్ళకంటే ఈయన మాకు ఎక్కువ పనికొచ్చాడు.

నేను మా వంశం వెతకడానికి కారణం మాత్రం అమెరికా. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. గ్రీన్‌కార్డు కాగితాలకు జనన ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. వాడు సూరత్‌లో, ఇంట్లో, మంత్రసాని చేతుల్లో పుట్టాడు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న తండ్రి లేచి మునిసిపాలిటీ ఆఫీసుకు పోయి రాయించాలన్న పట్టింపు ఆ రోజుల్లో ఎవరికుంది? పుట్టుక నమోదు కాలేదని ఒక పత్రం, వీడు పుట్టిన సంగతి మాకు తెలుసునని పెద్దవాళ్ళిద్దరి అఫిడవిట్లు, ఆ తంతు అయ్యాక వాడు ఫోన్‌లో ఇంకో మాటన్నాడు.

"మామా, మా పక్కింటాయన ముందలోళ్ళు జర్మనీ నుంచి వచ్చిన్రట. ఎనిమిది తరాలు పేర్లతోటి చెప్తున్నడు. మనకు ముత్తాత పేరన్న ఎరుకేనా?"

ఆ పక్కింటాయనది గొప్పేమీ కాదు. జర్మనీలో చర్చి పుస్తకాల్లో జ్ఞానస్నానం, పెళ్ళి, చావు మూడూ వందల ఏళ్ళుగా రాసి పెట్టారు. టెక్సాస్‌కు జర్మన్లు గుంపులుగా చేరింది 1840లలో. న్యూ బ్రాన్‌ఫెల్స్ ఊరు 1845లో, ఫ్రెడరిక్స్‌బర్గ్ మరుసటేడు కట్టుకున్నారు. హాంబుర్గ్ రేవు నుంచి 1850 తర్వాత ఓడ ఎక్కినవాళ్ళ జాబితాలు 1934 దాకా చాలావరకు ఉన్నాయి. బ్రెమెన్ రేవు జాబితాలు మాత్రం చాలామటుకు పోయాయి. పోయినా ఆవలి గట్టున అమెరికావాళ్ళు మళ్ళీ రాసుకున్నారు. ఓడ దిగితే గుమాస్తా కలం పట్టుకుని నిలబడే ఉంటాడు.

మనవాళ్ళలోనూ సముద్రం దాటినవాళ్ళకు ఆ అదృష్టం దక్కింది. అదృష్టమంటే ఎలాంటి అదృష్టమో వేరే చెప్పాలా. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్‌లో దిగింది. ఆ ఓడ మొదలు 1911 దాకా నటాల్‌కు పోయిన లక్షా యాభై రెండు వేలమంది గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువాళ్ళు బోలెడు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద మచ్చ. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలవి. ఈరోజు డర్బన్‌లో ఉన్న మునిమనవడు విశాఖపట్నం దగ్గరి పల్లెను వెతుక్కుంటూ వస్తున్నాడంటే ఆ రాతల పుణ్యమే. మా తాత భువనగిరి స్టేషన్లో రైలెక్కాడు. ఆయన పేరు ఎవడూ అడగలేదు, మచ్చ ఎక్కడుందో చూడలేదు. టికెట్ కొన్నాడో లేదో కూడా అనుమానమే.

సరే, రైలు రాయలేదు, పనిచేసిన చోటన్నా రాశారా? సాంచెల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. పేరుకే ఖాతా, లోపల మావాళ్ళ లెక్కేమీ ఉండదు. మా బాపు రోజుల్లో కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళుంటే 1948 నాటి ఫ్యాక్టరీ చట్టం వర్తించేది. అందుకని ఒకే కప్పు కింద ఉన్న షెడ్డు కాగితం మీద మూడు నాలుగు చిన్న ఖాతాలైపోయేది, ఏ ఒక్క దాంట్లోనూ పదిమంది ఉండేవాళ్ళు కాదు. మీటరుకింత అని లెక్కగట్టి పగార్ చేతిలో పెడతారు. సేఠ్ దగ్గరి చిట్టా పుస్తకంలో సాంచె నంబరు, నేసిన తాకాలు (గుడ్డ చుట్టలు) ఉంటాయి. మనిషి పేరు ఉంటే "అన్నా" అనో "మద్రాసీ" అనో ఉంటుంది. మా బాపు నేసిన గుడ్డ మొత్తం రింగ్ రోడ్డు మార్కెట్లలో ఎక్కడో బిల్లులకెక్కే ఉంటుంది, ఆయన మాత్రం ఎక్కడా ఎక్కలేదు.

ఇక్కడ మా పక్కింట్లో సౌరాష్ట్ర నుంచి వచ్చిన పటేళ్ళున్నారు. వాళ్ళకు వంశావళి చదివే వహీవంచా బారోట్ ఉన్నాడు. కొన్నేళ్ళకోసారి వస్తాడు. ఆయన వచ్చిన రోజు ఇల్లంతా పెళ్ళివారిల్లే. ఎర్రగుడ్డ మూట విప్పి, పొడవాటి సన్నటి వహీ తీసి, దానికి బొట్టు పెట్టించి, తరాలు చదువుకుంటూ వస్తాడు. చివర్లో గత రాకకూ ఈ రాకకూ మధ్య పుట్టిన పిల్లల పేర్లు చేరుస్తాడు. డబ్బూ బట్టలూ పెట్టి పంపుతారు. ఆ పద్ధతి చూసి నాకు కుళ్ళు పుట్టిందని చెప్పడానికి సిగ్గేం లేదు.

మాకూ చెప్పేవాళ్ళున్నారు. కూనపులివాళ్ళు. ఊరూరా మిరాసీ హక్కుతో తిరుగుతూ, చేర్యాల నకాషీలు గీసిన పటం కర్రకు వేలాడదీసి, బొమ్మ వెంట బొమ్మ చూపుతూ మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెబుతారు. తామర నూలుతో దేవతలకు బట్ట నేసిన భావనారుషి, సూర్యుడి బిడ్డ భద్రావతి, వాళ్ళకు నూటొక్క మంది కొడుకులు, నూటొక్క గోత్రాలు. కథ అయ్యాక త్యాగం పుచ్చుకుని దీవిస్తారు. చిన్నప్పుడు సెలవులకు ఊరెళ్ళినప్పుడు చూశాను. కానీ కూనపులివాళ్ళు చెప్పేది కులం పుట్టుక; ఒక ఇంటి వంశవృక్షం కాదు. ఋషి నుంచి గోత్రం దాకా దారి ఉంది, ఆ గోత్రం నుంచి మా ముత్తాత దాకా లేదు. పైగా సూరత్‌కు పటం రాలేదు. మిరాసీ ఊళ్ళు తెలంగాణలో, మిరాసీ ఇచ్చేవాళ్ళు ఖటోదరాలో.

ఇక మిగిలింది ముసలివాళ్ళ నోటి మాట. వాళ్ళకు సంవత్సరం అంకె చెప్పడం రాదు, సంఘటన వస్తుంది. మా అవ్వ లెక్కలో తాత ఊరు విడిచింది "రజాకార్ల ఏడు", అంటే 1947-48. బొంబాయి మిల్లులు మూతపడి చిన్న తాత సూరత్ చేరింది "సామంత్ హర్తాళ్", 1982 జనవరిలో దత్తా సామంత్ పిలుపు మీద మొదలైన సమ్మె. మిల్లులు తెరుచుకోకపోయేసరికి పనంతా భివండీకీ సూరత్‌కూ మళ్ళింది. మా చెల్లి పెళ్ళి "ప్లేగు వెనక". 1994 సెప్టెంబరులో ప్లేగు అనగానే నగరం సగం ఖాళీ అయ్యింది. మావాళ్ళు దొరికిన రైలెక్కి ఊరికి పారిపోతే, ఊళ్ళో సొంత చుట్టాలే ఇంటి బయట నీళ్ళ చెంబు పెట్టి దూరం జరిగారు. మరుసటేడు ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనరుగా వచ్చి వీధులు కడిగించాడు, మేమూ తిరిగొచ్చాం. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాం నీళ్ళు వదిలినప్పుడు వేడ్ రోడ్డులో అద్దెకున్న మా పెద్దబాపు ఇంట్లోకి తాపీ నది వచ్చేసింది. ఆయన రేకు పెట్టెలో పాత రేషన్ కార్డులు, పోస్టు కార్డులు, మావాళ్ళు భివండీలో ఉన్ననాటి ఫోటో ఒకటి ఉండేవి. ఎండబెడితే కార్డులు అట్టల్లా విచ్చుకుపోయాయి. సిరా నీలం మరకగా మిగిలింది.

చివరికి పనికొచ్చింది బడి. సూరత్ నగర పాలిక బళ్ళు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా నడుస్తాయి. చెప్పుకోదగ్గ విషయమే, మన దగ్గర తెలుగు బళ్ళు మూసేస్తున్న రోజుల్లో. బడిలో జనరల్ రిజిస్టర్ ఉంటుంది. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన ఊరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, వెళ్ళిపోయిన తేదీ, కారణం, అన్నిటికీ గడులు. జర్మనీవాడికి చర్చి పుస్తకం ఎంతో మాకు ఇదంత. మా బాపు తరం వాళ్ళ పేజీల్లో పుట్టిన తేదీ గడి చూస్తే నవ్వొస్తుంది: వరుసగా జూన్ 1, జూన్ 1, జూన్ 1. బడి తెరిచే నెల చూసి మాస్టారు వేసిన తేదీ. తేదీ అబద్ధమే అయినా ఊరు అబద్ధం కాదు. "తా. భువనగిరి, జి. నల్గొండ" అని ఒక పేజీలో, "షోలాపూర్" అని ఇంకో పేజీలో. ఆ రెండో పేజీ మా పెద్దబాపుది, ఆయన నల్గొండలో పుట్టాడనే ఇంట్లో అందరూ చెప్పుకున్నారు. బడి విడిచిన కారణం గడిలో ఎక్కువమందికి ఒకే మాట: "కామ్ ధంధా".

షోలాపూర్ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని అవ్వను మళ్ళీ అడిగితే, "అవు బిడ్డా, మీ తాత నాయిన ఆడ మిల్లుల పనిజేసిండు. మళ్ల ఊరికొచ్చిండు, మళ్ల పోయిండు" అంది, ఇన్నాళ్ళూ అడగనందుకు నాదే తప్పన్నట్టు. ఊహించాల్సిందే నిజానికి. నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లోనే వచ్చింది. వాడి దగ్గర బండి మారితే షోలాపూర్. మిల్లు నూలు, మిల్లు గుడ్డ రెండూ కలిసి మగ్గాన్ని ముంచుతుంటే మునిగినవాడు మిల్లుకే పోయి పనడిగాడు. షోలాపూర్‌లో తెలుగు పేటలు, మార్కండేయ గుడి, నూలు పౌర్ణమికి రథం, అన్నీ అలా వెలిసినవే.

షోలాపూర్ మావాళ్ళు ఎవరు పోయినా అస్థికలు నాసిక్ గోదావరికి తీసుకెళ్ళేవాళ్ళని ఒక మేనబావ చెప్పాడు. నాసిక్, త్ర్యంబకేశ్వరం పురోహితుల దగ్గర నామావళి అని పుస్తకాలుంటాయి. వచ్చిన ప్రతి యజమాని పేరు, వాళ్ళ తాతతండ్రుల పేర్లు, ఊరు రాయించుకుని సంతకమో వేలిముద్రో పెట్టించుకుంటారు. సూరత్ నుంచి నాసిక్ ఎంత దూరమని, బయల్దేరాను. రామకుండం దగ్గర కులం చెబితే ఒకరిని, జిల్లా చెబితే ఇంకొకరిని చూపించారు. నల్గొండ అంటే ఆ కుర్ర పురోహితుడు లోపలి గదిలోకి చూస్తూ "మొగలాయి" అని కేకేశాడు. నిజాం రాజ్యం పోయి ఎన్నేళ్ళయినా ఆ పుస్తకాల బీరువాకు ఇంకా అదే పేరు.

దొరికిన పేజీ పాత మరాఠీ రాత అయిన మోడీ లిపిలో ఉంది. ఆ కుర్రాడికీ చదవడం రాదు. వాళ్ళ తాతను కూర్చోబెట్టి చదివించాడు. శకం 1856, అంటే 1934. మా ఇంటిపేరు మరాఠీ నోట్లో పడి నలిగింది గాని గుర్తుపట్టేలాగే ఉంది. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఇద్దరు తమ్ముళ్ళు, ఊరు, "హల్లీ ముక్కామ్ సోలాపూర్", అంటే ప్రస్తుతం ఉండేది షోలాపూర్. కింద బొటనవేలి ముద్ర. రజాకార్లు రావడానికి పదమూడేళ్ళ ముందే మావాళ్ళు ఊరు విడిచారన్నమాట. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మొదలైందీ 1934లోనే. కాస్త ఆగి ఉంటే ఇంటి దగ్గరే పని దొరికేదేమో, ఎవరికి తెలుసు. ఆ మిల్లూ 2002లో మూతపడిందనుకోండి.

ఇంట్లో ఈ సంగతి చెబితే అవ్వ ఒప్పుకోలేదు. రజాకార్లకు భయపడి వచ్చామన్నదే ఆవిడకు చరిత్ర. నాకిప్పుడు రెండూ నిజమే అనిపిస్తుంది. ఆకలికి పోయినవాడు వానలు పడితే తిరిగొస్తాడు, మగ్గం మళ్ళీ కడతాడు, మళ్ళీ పోతాడు. ఆఖరుసారి పోయింది రజాకార్ల ఏడు. ఇంట్లో గుర్తుండేది ఆఖరు రైలే. జర్మన్ కుటుంబం ఒకసారి ఓడెక్కింది, ఒకసారి దిగింది, తేదీ చెప్పగలదు. మావాళ్ళ వలసకు తేదీ అడిగితే ఏ తేదీ చెప్పాలి? భువనగిరి, షోలాపూర్, భివండీ, సూరత్, మధ్యలో ఎన్నిసార్లు వెనక్కి!

నామావళిలో కొత్త తరాలు చేర్చమని పురోహితుడే అడిగాడు. ముత్తాత నుంచి మా బాపు దాకా, నా దాకా, నా కొడుకు దాకా చెప్పాను. అక్క పేరూ, అక్క కొడుకు పేరూ చెప్పేసరికి కలం ఆపాడు. ఆడపిల్ల వంశం ఇంకో ఇంటి పుస్తకంలోకి పోతుందట. అసలీ వెతుకులాట మొదలుపెట్టిందే అక్క కొడుకని, వాడికి టెక్సాస్‌లో ఒక కూతురుందని, ఆ పిల్ల పేరు లేకుండా వేలిముద్ర వెయ్యనని నేనూ మొండికేశాను. ముసలాయన లోపలి నుంచి "లిహూన్ టాక్ రే", రాసెయ్యరా అన్నాడు. కుర్రాడు రాశాడు. ఊరి గడి దగ్గర ఏం రాయాలన్నాడు. మూలం నల్గొండ, హల్లీ ముక్కామ్ సూరత్ ఖటోదరా, ఆ పిల్లకు మాత్రం టెక్సాస్ అని రాయించి, సంతకం వచ్చినా బొటనవేలే అద్దాను. ఫోటో తీసి పంపితే మేనల్లుడు రెండే మాటలు అడిగాడు: ఇది ఏ లిపి, నోటరీ చేయించొచ్చా.