సింగపూర్‌లో కీళ్ల నొప్పికి రెండు వైద్యాలు

సింగపూర్ నుంచి ఇంటికి బయల్దేరే తెలుగువాళ్ల పెట్టెలో చాక్లెట్ల పక్కన టైగర్ బామ్ ఉండి తీరుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎవరింట్లో లేరు! అయితే ఆ సీసా పుట్టిల్లు సింగపూర్ కాదు, రంగూన్. మన కోస్తా జిల్లాల వాళ్లు ఓడలెక్కి కూలికి వెళ్లిన రంగూనే. అక్కడ మందుల దుకాణం నడిపిన చైనా కుటుంబంలోని ఆవ్ బూన్ హావ్ 1926లో వ్యాపారాన్ని సింగపూర్‌కు తెచ్చాడు. అందులో ఉండేది ముఖ్యంగా కర్పూరం, మెంథాల్. రాసుకుంటే కాసేపు హాయిగా ఉంటుంది గానీ అరిగిన గుజ్జు తిరిగి రాదు.

సింగపూర్‌లో వైద్యాల కథ టైగర్ బామ్ రాక కన్నా పాతది. 1819లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ రేవు తెరిచాక దక్షిణ చైనా నుంచి కూలీలు వేలల్లో దిగారు. ఓడల దగ్గర మూటలు మోశారు, మిరియాల తోటల్లో నడుములు వంచారు. జబ్బుపడితే చూసే దిక్కులేదు. 1844లో టాన్ టోక్ సెంగ్ అనే వర్తకుడి విరాళంతో పేదల ఆసుపత్రికి పునాది పడింది. అది ఇంగ్లీషు వైద్యం. 1867లో చైనా వర్తకులే తోంగ్ చాయ్ అనే ధర్మ వైద్యశాల పెట్టి, తమ సంప్రదాయ వైద్యుల చేత ఉచితంగా చూపించారు. జాతి, మతం ఏదని అడగకుండా అందరికీ మందివ్వడం దాని నియమం. నాకు ఈ దేశం మీద గౌరవం కలిగించిన వాటిలో ఆకాశహర్మ్యాల కన్నా ముందు వచ్చేది ఇదే.

చైనా వైద్యుడు కీళ్ల నొప్పిని చూసే తీరు ఆయుర్వేదం ఎరిగిన మనకు కొత్తగా అనిపించదు. రెండు వేల ఏళ్లనాటి హువాంగ్‌డి నెయ్‌జింగ్ గ్రంథం ప్రకారం గాలి, చలి, తేమ ఒంట్లో చేరి ప్రాణశక్తినీ రక్తాన్నీ అడ్డగిస్తే నొప్పి పుడుతుంది. ఒక కీలు నుంచి ఇంకో కీలుకు తిరిగే నొప్పి గాలిది. వేడి తగిలితే తగ్గేది చలిది. బరువుగా, వాపుతో ఒకేచోట కూర్చునేది తేమది. దాన్నిబట్టి సూదులు, మూలికలు, కాపడాలు మారతాయి.

ఇంగ్లీషు వైద్యం ఈ నొప్పులను వేరే తీరున విడదీస్తుంది. గుజ్జు అరగడం ఒకటి. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లలో పేరుకోవడం ఇంకొకటి. మన రోగనిరోధక శక్తే మన కీళ్లపై దాడిచేసే రుమటాయిడ్ కీళ్లవాతం మరొకటి. ఈ తేడా తెలియడం ప్రాణావసరం. అరుగుదల మెల్లగా సాగుతుంది. రుమటాయిడ్‌ను మొదట్లోనే మెథోట్రెక్సేట్ వంటి మందులతో ఆపకపోతే చేతివేళ్లు వంకరపోతాయి, ఆ వంకర మళ్లీ సరికాదు. మోకాలి అరుగుదలకు సూదులు పొడిపించుకుంటానంటే నేను వద్దనను. అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ పరీక్షల్లో కనబడ్డ తేడా చిన్నదే అయినా కొందరికి ఉపశమనం దొరుకుతోంది. రుమటాయిడ్‌కు మూలికలతో కాలక్షేపం చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. చైనాలో దానికి వాడే లెయ్‌గోంగ్‌టెంగ్ తీగ నిజంగా పనిచేస్తుంది, కానీ సంతాన శక్తిని దెబ్బతీయగలదు. మూలికే కదా, హాని చేయదులే అనుకునేవాళ్లకు ఆ తీగే జవాబు.

తెల్లదొరలు చైనా వైద్యాన్ని ఆపలేదు, ఆదరించనూ లేదు. స్వతంత్ర సింగపూర్ కూడా చాలాకాలం అలాగే వదిలేసి, 1994లో దాన్ని పరిశీలించడానికి కమిటీ వేసింది. 1999 నుంచి తయారై అమ్మకానికి వచ్చే చైనా మందులను నమోదు చేయించి, వాటిలో పాదరసం, సీసం ఎంత మించకూడదో నిర్ణయించింది. 2000లో చైనా వైద్యుల చట్టం చేసింది. చదివి, పరీక్ష నెగ్గి, పేరు నమోదైతేనే వైద్యం చేయాలి. చైనా వైద్యుడు ఇంగ్లీషు మందు రాయకూడదు. రెండు దారులూ ఉన్నాయి, మధ్యలో గట్టు ఉంది. మన ఊళ్లలో పసరూ స్టెరాయిడ్ ఇంజెక్షనూ ఒకే చేతి మీదుగా అందడం చూసినవాణ్ణి కాబట్టి ఆ గట్టు విలువ నాకు బాగా తెలుసు.

ఇంత కట్టుదిట్టం ఉన్నా మోసం ఆగలేదు. మూలికల మందుగా అమ్మే కీళ్ల నొప్పుల మాత్రల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దొరికిందని ఇక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ పదేపదే పేర్లతో సహా ప్రకటిస్తూ ఉంటుంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే మందు గొప్పదనుకుంటాం. నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బుతుంది, షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి.

అందుకే మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడుతున్న పొడి ఏదైనా సరే, అందులో ఏముందో అమ్మినవాణ్ణి అడగండి. పొద్దున లేవగానే అరగంటకు పైగా వేళ్లు బిగుసుకుపోతుంటే ముందు రక్తపరీక్ష చేయించండి. ఊరూపేరూ లేని మందు చాలాకాలంగా వాడుతుంటే దాన్ని ఒక్కసారిగా మానేయకండి, డాక్టరుకు చూపించి ఆయన చెప్పినట్టు తగ్గించండి.