ఓడ అడుగు గీకిన చేతుల చరిత్ర

ఓడ పైభాగానికి రంగు అందం కోసం, నీళ్లలో మునిగే అడుగుకు రంగు ఓడ బతకడం కోసం. అడుగున నాచు, గుల్లలు పట్టితే ఓడ నీళ్లలో జారదు, వేగం పడిపోతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొత్త రంగు నిలవాలంటే ముందు పాతదంతా గీకాలి, ఉప్పు కడగాలి, తుప్పు వదిలించాలి. దుమ్ము దులపని గోడ మీద లప్పం నిలవదని మన బిల్డింగ్ పనివాళ్లకు తెలిసిందే. మరి గీకినప్పుడు లేచే దుమ్ము ఎక్కడికి పోతుంది? మన క్యాంపుల నుంచి డ్రై డాకు పనికి పోయే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

కర్ర ఓడల కాలంలో ఈ గల్ఫ్ ఒడ్డున పోటు నీళ్లలో ఓడను ఒడ్డుకు తెచ్చేవారు. ఆటుకు నీళ్లు తీసేస్తే అడుగు బయటపడేది. గుల్లలు గీకి, సున్నం, జంతువుల కొవ్వు కలిపి చేతులతోనే పూసేవారు. మళ్లీ పోటు వచ్చేలోపు పని ముగించాలి. యూరప్ ఓడలవాళ్లు ఓడను ఒక పక్కకు వాల్చి, అడుగున పట్టిన చెత్తను మంటతో కాల్చి గీకేవారు.

ఈ పని మనవాళ్లకు కొత్తేమీ కాదు. కాకినాడ దగ్గరి కోరంగి ఓడల తయారీకి, మరమ్మతులకు పేరున్న రేవు. 1839 తుపాను దాన్ని దెబ్బతీసింది. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగివాళ్లనే పిలిచేవారు. రంగూన్ రేవులో బరువులు మోసినవాళ్లలో వాళ్లే ఎక్కువ.

కర్రను తొలిచే సముద్రపు పురుగును ఆపడానికి 1761లో బ్రిటిష్ నౌకాదళం ‘అలారం’ అనే ఓడ అడుగుకు రాగిరేకులు కొట్టింది. పురుగు ఆగింది గానీ, రాగి పక్కనున్న ఇనుప మేకులు తినేసుకుపోయాయి. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త రాగి అరగకుండా జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. రాగి నిలిచింది, గుల్లలు మళ్లీ పట్టాయి. రాగి కొంచెం కొంచెం కరిగి విషం వదిలితేనే గుల్లలు దూరంగా ఉంటాయని అప్పుడు తేలింది.

ఇనుప ఓడలు వచ్చాక ఆ విషాన్ని రంగులోనే కలిపారు. రాగి, పాదరసం, ఆర్సెనిక్ అన్నీ వాడారు. 1960లలో తగరం కలిపిన రంగు వచ్చింది, బాగా పనిచేసింది. కానీ ఫ్రాన్స్‌లో ఆర్కషోన్ దగ్గర ఆల్చిప్పల పెంకులు వంకర్లు పోయాయి, పిల్లలు పుట్టడం తగ్గిపోయింది. 1982లో ఆ దేశం చిన్న పడవలకు ఆ రంగు నిషేధించింది. అన్ని దేశాల ఒప్పందం 2001లో కుదిరి, 2008లో అమల్లోకి వచ్చింది. గుల్లను చంపే విషం, రంగు గీకేటప్పుడు దుమ్మై మనిషి మీదికే వస్తుందని మర్చిపోకూడదు.

రెండో శత్రువు ఇసుక. గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి శుభ్రం చేసే పద్ధతికి 1870లో అమెరికాలో టిల్గ్‌మన్ పేటెంట్ తీసుకున్నాడు. సుత్తితో రోజులు పట్టే పని గంటల్లో అయ్యింది. కానీ పగిలిన ఇసుక పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. అది ఏళ్ల తర్వాత బయటపడుతుంది, నయం కాదు. పోతపోసిన ఇనుప వస్తువుల మీద ఇసుక కొట్టడాన్ని బ్రిటన్ 1949లో నిషేధించింది. అంటే పేటెంట్ వచ్చిన దాదాపు ఎనభై ఏళ్లకు!

గల్ఫ్‌లో 1977లో బహ్రెయిన్‌లో, 1983లో దుబాయిలో పెద్ద డ్రై డాకులు మొదలయ్యాయి. ఆటుపోట్ల కోసం ఎదురుచూడాల్సిన పని పోయింది, దుమ్ము మాత్రం పోలేదు. అందుకని పని మొదలెట్టే ముందు కొట్టేది ఇసుకా, గ్రిట్టా అని ఫోర్‌మన్‌ను అడగండి. పాత రంగులో ఏముందో అడగండి. గుడ్డ కట్టుకుంటే చాలదు, గాలి పంపే హుడ్ కావాలి. పని బట్టలు రూముకు తేవద్దు, చేతులు కడగకుండా తినొద్దు. ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. అడగడం గొడవ కాదు. చట్టాలు వచ్చేసరికి ఎనభై ఏళ్లు పట్టింది, మన ఊపిరి అంతకాలం ఆగదు కదా.