మత్స్యవినోదం

కడుపు కోసం చేపలు పట్టడం వేరు, వేడుక కోసం చేపలు పట్టడం వేరు. మొదటిదానికి చరిత్ర వెదకనక్కరలేదు. సింధునాగరికత నాటి నగరాల శిథిలాలలో దొరికిన రాగి గాలాలే దాని ప్రాచీనతకు సాక్ష్యం. రెండవదాని పుట్టుకను కనుగొనడం మాత్రం కష్టం. ఆకలి లేనివాడు, అంగడిలో చేప కొనగలవాడు, ఒక గడకర్ర చేతబట్టి ఏటి ఒడ్డున పూటల తరబడి నీటివంక చూస్తూ కూర్చోవడం ఎన్నడు మొదలైనది? అందులో ఒక శాస్త్రమున్నదనీ, దానిని గ్రంథస్థం చేయవచ్చుననీ ఎవరికి తోచింది?

ఇంగ్లీషు చదువులు చదివినవారిలో చాలమంది ఈ వినోదం దొరలతోపాటు ఓడ దిగి వచ్చిందనే అనుకుంటారు. ఇంగ్లండులో గాలపువేటను గూర్చిన తొలి పుస్తకం 1496లో అచ్చయింది. ఐజాక్ వాల్టన్ ప్రసిద్ధ గ్రంథం 1653 నాటిది. ఆ రెండింటిని ఎరిగిన మనవారు, వాటికి మూడున్నర శతాబ్దాలకు పైగా ముందు దక్కనులో ఒక రాజు ఇదే విషయాన్ని సంస్కృత శ్లోకాలలో విస్తరించి చెప్పినాడన్న సంగతి ఎరుగరు. దోషం చదువరులది మాత్రమే కాదు. మన సాహిత్యచరిత్రకారులు కావ్యనాటకాలను గూర్చి వ్రాసినంత శ్రద్ధతో ఇటువంటి గ్రంథాలను గూర్చి వ్రాయలేదు.

ఆ రాజు కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు. భూలోకమల్లుడని అతని బిరుదు. బిల్హణకవిని ఆదరించిన ఆరవ విక్రమాదిత్యునికి కుమారుడు. 1127 మొదలు 1138 వరకు రాజ్యం చేసినాడు. తెలుగుదేశపు పడమటి భాగాలు అతని ఏలుబడిలోనివే. ఓరుగంటి కాకతీయులు అప్పటికింకా ఆ వంశానికి సామంతులు. తండ్రివలె గొప్ప యోధుడని అతనికి పేరు రాలేదు. అతని పేరు నిలిచింది ‘మానసోల్లాసం’ అనే గ్రంథం వల్ల. ‘అభిలషితార్థచింతామణి’ అన్నది దీనికే మరొక పేరు. 1130 ప్రాంతంలో వెలసిన ఈ గ్రంథంలో అధ్యాయాలు నూరు. ఇరవై ఇరవై అధ్యాయాలుగా అయిదు వింశతులు. రాజ్యాన్ని సంపాదించడం, దానిని స్థిరపరచుకోవడం, ఆపైన భోగాలు, వినోదాలు, క్రీడలు. గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలలో ఇది 1925, 1939, 1961 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడింది.

ఈ విభాగంలో ఒక సూక్ష్మం ఉన్నది. చేపను వండే విధానాలు మానసోల్లాసంలో ఉన్నవి. కాని అవి భోగాలను చెప్పే వింశతిలో, అన్నభోగమనే ప్రకరణంలో ఉన్నవి. చేపను పట్టే విధానం అక్కడ లేదు. అది వినోదాలను చెప్పే వింశతిలో, మత్స్యవినోదమన్న పేరుతో, వేరే అధ్యాయంగా ఉన్నది. తినడానికీ పట్టడానికీ ముడి పెట్టకుండ రెంటినీ రెండు చోట్ల ఉంచినాడు రాజు. ఈ వేట వంటయింటి కోసం కాదు, మనస్సు కోసమని ఇంతకంటె స్పష్టంగా ఏ వ్యాఖ్యానమూ చెప్పలేదు. గ్రంథనామం కూడ ఆ మాటనే చెప్పుతున్నది గదా.

మత్స్యవినోదంలో రాజు ముందుగా చేపల జాతులను వర్ణిస్తాడు. సముద్రంలో సంచరించేవి, నదులలో సంచరించేవి అని ఒక భేదం. పొలుసు కలవి, చర్మం మాత్రమే కలవి అని మరొకటి. పెద్దవి, చిన్నవి అని ఇంకొకటి. ఈ క్రమంలో ముప్పైయైదు చేపల పేర్లు వస్తవి. ఆ తరువాత వాటి ఆహారం. చేపను పట్టదలచినవాడు తొలుత దానిని పోషించాలట. ఏ జాతికి ఏ మేత ఇష్టమో తెలిసి, పిండిముద్దలు మెచ్చేవాటికి పిండిముద్దలు, మాంసం మెచ్చేవాటికి మాంసం అలవాటుగా వేసి, వాటిని ఒక చోట మరగించాలి. అటుపిమ్మట గాలపుత్రాడు ఎట్లా ఉండాలి, గడ ఎట్లా ఉండాలి, ఎరను ఎట్లా గ్రుచ్చాలి, చిక్కిన చేపను ఎట్లా ఆడించి అలయించి ఒడ్డుకు చేర్చాలి అన్నవి ఒక్కొక్కటిగా చెప్పబడినవి.

ఇది సింహాసనం మీద కూర్చుండి ఊహించిన విద్య కాదు. ఏ చేప ఏ మేతకు మరుగునో తెలియడానికి తరతరాల అనుభవం కావాలి. ఆ అనుభవం కృష్ణ, భీమ, తుంగభద్రల ఒడ్డున బ్రదికిన బెస్తవారిదే అయి ఉండాలి. గ్రంథం వారి పేరు నిలుపలేదు. ఏనుగులను గూర్చి, గుర్రాలను గూర్చి, రత్నాలను గూర్చి చెప్పిన అధ్యాయాల వెనుక కూడ ఇటువంటి పేరులేని గురువులే కనబడతారు. శ్లోకం రాజుది, విద్య వారిది అనుకోవడమే న్యాయంగా తోస్తుంది.

సోమేశ్వరుని కాలానికి ముందు మన వాఙ్మయంలో గాలం కనబడదా అంటే, కనబడుతుంది, కాని ఉపమానంగా. బడిశాన్ని మ్రింగిన మీనం లోభానికి ఉదాహరణ. రసనేంద్రియం వల్ల చెడేది చేప అని వేదాంతులు తరచుగా చెప్పుతారు. ఆ ఉపమానంలో దృష్టి ఎల్లప్పుడు చేపమీదనే గాని, గడ పట్టినవానిమీద ఉండదు. హిందీలో బంసీ అంటే వేణువూ, గాలమూ కూడ. ఆ శ్లేషను అనువదించడానికి తెలుగులో మార్గం లేదు.

రాజ్యాధికారం చేపను చూచిన తీరు మరొకటి ఉన్నది. అశోకుడు తన పట్టాభిషేకం జరిగిన ఇరువదియారేండ్లకు వ్రాయించిన అయిదవ స్తంభశాసనంలో చంపరాని ప్రాణుల పట్టిక ఉన్నది. అందులో కొన్ని చేపల పేర్లున్నవి. చాతుర్మాస్యపు పున్నములలోను, తిష్యపూర్ణిమనాడును, ఉపవాస దినాలలోను చేపలను చంపరాదనీ అమ్మరాదనీ ఆజ్ఞ. అహింస దీనికి ప్రేరణ. అయినా ఫలితంలో ఇది నీటిలోని ప్రాణికి ఇచ్చిన విరామమే. జహంగీరు చేసినది ఇంకొక విధం. 1607లో కాబూలుకు పోతూ హసన్ అబ్దాల్ వద్ద విడిసినప్పుడు, తానే స్వయంగా వల విసరి పదిపన్నెండు చేపలను పట్టి, వాటి ముక్కులకు ముత్యాలు తొడిగి మరల నీటిలో విడిచినాడని స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. పట్టి విడిచిపెట్టడం ఈ కాలపు వేటకాండ్ర నూతన ధర్మమనుకునేవారు ఈ ముత్యాల చేపలను గుర్తుంచుకోవడం మంచిది.

మత్స్యవినోదాన్ని చీకటిలోనుంచి వెలికి తెచ్చినవాడు సంస్కృత పండితుడు కాడు, జంతుశాస్త్రవేత్త. ఆయన సుందర్‌లాల్ హోరా. 1896లో పంజాబులో జన్మించి, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధ్యక్షుడై, 1955లో మరణించినాడు. కొండవాగుల చేపలను గూర్చి ఆయన చేసిన పరిశోధన లోకప్రసిద్ధం. ప్రాచీన హిందువులకు చేపలను గూర్చి ఉన్న జ్ఞానాన్ని వివరిస్తూ బంగాళపు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన కొన్ని వ్యాసాలు వ్రాసినాడు. ఒకటి అశోకుని స్తంభశాసనాన్ని గూర్చి; 1951లో వెలువడినది మత్స్యవినోదాన్ని గూర్చి. భారతదేశపు వేటచేపలను గూర్చి వరుసగా వ్యాసాలు వ్రాసినవాడూ ఆయనే. ఒకే మనిషి సూక్ష్మదర్శినిని, శ్లోకాన్ని సమానమైన గౌరవంతో చూడగలగడం మన దేశంలో అరుదు.

ఇక దొరల కాలం. కుంపిణీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చేపలను సేకరించి, రెండువందల చేపల వర్ణనలతో, చిత్రాలతో 1803లో లండనులో రెండు సంపుటాలు ప్రకటించినాడు. చేపలను ఆయన స్థానికుల తెలుగు పేర్లతోనే పేర్కొన్నాడు. మన వాలుగ చేప నేటికీ ప్రపంచమంతటా ‘వాల్లగో’ అన్న లాటిను నామంతో చలామణి అవుతున్నదంటే, దానికి మూలం తెలుగు పలుకే. రస్సెల్‌ది వినోదం కాదు, విజ్ఞానం.

వినోదానికి పెద్దదిక్కయినవాడు మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్. దక్షిణ కన్నడ జిల్లాలో ఉద్యోగం చేస్తూ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథాన్ని ప్రకటించినాడు. చెరువులలో గాలం వేయడాన్ని గూర్చి 1887లో వేరే పుస్తకమే వ్రాసినాడు. తూకానికి తూకంగా చూస్తే ఇంగ్లండు సాల్మను కంటె మహసీరే వేటకానికి ఎక్కువ పోరాటం చూపుతుందని ఆయన తీర్పు. ఆయన వ్రాతలో వేటకాని ఉత్సాహం పక్కనే అధికారి ఆందోళన కూడ ఉన్నది. వాగులకు అడ్డుకట్టి చేపపిల్లలను ఊడ్చివేయడం, మడుగులలో విషం కలపడం ఆపకపోతే నదులు చవుడుబారిపోతవని ఆయనా, చేపల సర్వేక్షణాధికారి ఫ్రాన్సిస్ డే కూడ ప్రభుత్వానికి విన్నవించినారు. తోటాలనూ విషాన్నీ నిషేధించిన మత్స్యచట్టం 1897లో వచ్చింది. వాగులో నాలుగు చేపపిల్లలు పట్టుకొని బ్రదికే బీదవాడు ఇందులో దోషిగా కనబడినాడే గాని, ఆనకట్టలు కట్టిన దొరతనం అంతగా కనబడలేదన్నది కూడ చెప్పవలసిన మాట. సముద్రపు వేటను గూర్చి ఈ దొరలకు శ్రద్ధ తక్కువ. నీలగిరిలోను, కాశ్మీరంలోను ట్రౌట్ చేపలను తెచ్చి పెంచడానికి మాత్రం ఎంతో ధనమూ శ్రమా ధారపోసినారు. ఇంటిమీది బెంగ మనిషిచేత ఏమైనా చేయిస్తుంది.

మహసీరు మాటకు మహాశిరమనీ, మహాశల్కమనీ, ఫారసీలో ‘చేపలలో సింహం’ అనీ పలు వ్యుత్పత్తులు చెప్పుతారు. వీటిలో అన్నింటికంటె పెద్దది కావేరీ నదిది. తలవెనుక మూపురం లేచి, నారింజవన్నె రెక్కలతో ఉండే జాతి. 1919లో నూటపందొమ్మిది పౌన్లది, 1946లో కబినిలో నూటయిరవై పౌన్లది పట్టినారు. 1977–78లో ముగ్గురు ఇంగ్లీషువారు గాలాలు పట్టుకొని దేశమంతా తిరిగి కావేరి చేరి, ఆ పెద్ద చేపలు ఇంకా ఉన్నవని లోకానికి చాటినారు. తరువాత భీమేశ్వరి, గాలిబోరె మొదలైన చోట్ల శిబిరాలు వెలసినవి. పట్టిన చేపను తూచి విడిచిపెట్టడం అక్కడి నియమం. ఒకప్పుడు తోటాలు పేల్చి చేపలు పట్టిన కొందరు ఆ శిబిరాలలో దారిచూపేవారై, చేపకు కావలికాండ్రయినారు.

ఆ కాలంలోనే మంచి ఉద్దేశంతో ఒక పని జరిగింది. లోనావ్‌లాలో టాటావారి విద్యుత్సంస్థ మహసీరు పిల్లలను పొదిగించే కేంద్రాన్ని నడుపుతుండేది. అక్కడ పెంచినది నీలిరెక్కల మహసీరు. 1839లో సైక్స్ పూనా వద్ద, కృష్ణానదీ పరివాహంలో, తొలిసారి వర్ణించిన జాతి. ఆ పిల్లలను కావేరిలోనూ విడిచినారు. అవి వృద్ధిపొందినవి. మూపురపు చేప తగ్గిపోయింది. ఇది జరిగినట్లు తెలిసింది కూడ వేటకాండ్ర చిట్టాల వల్లనే. 1998 మొదలు 2012 వరకు గాలిబోరె శిబిరంలో వ్రాసిపెట్టిన లెక్కలను శాస్త్రజ్ఞులు 2015లో విశ్లేషించి ప్రకటించినారు. ఆ చిట్టాలు లేకుంటే ఆ జాతి తరిగిపోవడానికి లిఖితసాక్ష్యమే ఉండేది కాదు. 2010–12 మధ్య, అభయారణ్యం లోపల గాలం వేయడం కూడ వేటయేనన్న చట్టార్థాన్ని అనుసరించి ఆ శిబిరాలకు అనుమతి పోయింది. ఏనుగుకూ దుప్పికీ వర్తించే న్యాయం చేపకు వర్తించకూడదా అని ఒక పక్షం. కావలి పోయినచోటికి తోటాలు తిరిగి వస్తవని మరొక పక్షం. ఇరువురి మాటలోను నిజమున్నది.

ఇంతకూ ఆ మూపురపు చేప ఏ జాతిదో శాస్త్రానికి అప్పటికి నిర్ధారణగా తెలియదు. వేటకాండ్రు నూరేండ్లకు పైగా ఎరిగిన చేపకు లాటిను పేరు లేదు. కావేరికి చేరే మోయారు నదిలో దొరికిన చేపలను పరీక్షించి, అవి 2007లో కేరళలోని పాంబారులో గుర్తించబడిన ‘టోర్ రెమదేవి’ జాతివేనని 2018లో తేల్చినారు. అదే సంవత్సరం నవంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆ జాతిని అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్నవాటి పట్టికలో చేర్చింది.