లూపిను పువ్వు – యార్కు తోటమాలి



జనుము, జీలుగ మళ్లలో చల్లి, పూతకు వచ్చునప్పటికి కలియదున్నుట మీ రెరిగిన పనియే. ఆ మొక్కను పెరికి చూచినచో వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కానవచ్చును. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఆహారముగా నందించు సూక్ష్మజీవులు వానిలో నివసించును. ఈ సంగతిని హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1888 లో సవిస్తరముగా ప్రకటించిరి. కంది, పెసర, ఉలవ, జనుము – ఇవన్నియు నొక్క కుటుంబమువే. ఆ కుటుంబమునకే చెందిన దూరదేశపు చుట్టము లూపిను. దాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

లాటిను భాషలో లూపస్ అనగా తోడేలు. ఈ జాతి మొక్క భూసారమును తోడేలువలె మ్రింగునని తలచి యా పేరు పెట్టిరని చెప్పుదురు. పేరు పెట్టినవారు వేళ్లను చూచి యుండరు!

లూపినులలో పెక్కు తెగలు గలవు. నేను చెప్పబోవునది ఉత్తర అమెరికా పడమటి భాగమున, కొండవాలులలోని తేమ పచ్చికబయళ్లలోను, సెలయేళ్ల యొడ్డునను తనంత తాను పెరుగునది. ఆకు అరచేతి వ్రేళ్లవలె చీలియుండును. పొడవైన కంకినిండ నీలిపూలు పూయును. చలికాలమున పైభాగమంతయు ఎండిపోయినను, వేరు బ్రతికియుండి వసంతమున మరల చిగుర్చును. స్కాట్లండు తాపీపనివాని కుమారుడు డేవిడ్ డగ్లస్ అడవులు గాలించి దీనిని 1826 లో ఇంగ్లండునకు చేర్చెను. పాపము, అతడు 1834 లో హవాయి దీవిలో అడవిపశువులకై త్రవ్విన గోతిలో పడి ముప్పదియైదవ యేట మరణించెను.

తరువాతి కథ యార్కు పట్టణమున జరిగినది. జార్జి రస్సెల్ కూలికి తోటపని చేయువాడు. 1911 లో తాను పనిచేయు ఇంట పూలపాత్రలో నున్న లూపినులను చూచి, ఇంతకంటె మేలైనవి యుండవలెనని తలచెను. అప్పటికాయన వయస్సు ఏబదినాలుగు. మనలో ఆ వయస్సున క్రొత్తపని తలపెట్టువారెందరు? చిన్న కౌలుతోటలలో వేరువేరు తెగల విత్తులు తెచ్చి కలిపి నాటెను. పుప్పొడిని చేతితో కలుపలేదు. ఆ పని తేనెటీగలకే వదలెను. పూచినవానిలో మేలైనవానిని నిలిపి, తక్కినవానిని నిర్దాక్షిణ్యముగా పెరికివేసెను. నేను బడిపంతులను, నాకట్టి యధికారము లేకపోయెను, ఉండరాదు కూడ.

ఇరువదియైదేండ్లిట్లు గడచినవి. మొక్కలను అమ్ముమని యెందరడిగినను ఆయన యియ్యలేదు. ఆయన కాలముతో నా శ్రమయంతయు మట్టిపాలు కావలసినదే. తుదకు జేమ్సు బేకరు అను మొక్కల వర్తకుడు ఆయనను ఒప్పించెను. 1937 లో లండను ప్రదర్శనమున ఎరుపు, పసుపు, గులాబి, రెండు వన్నెలు కలిసిన కంకులను చూచి జనులు విస్తుపోయిరి, స్వర్ణపతకము లభించెను. రస్సెల్ 1951 లో తొంబదినాలుగవ యేట గతించెను.

దీని సాగు కష్టము కాదు. విత్తు పెంకు గట్టిది. గీచియో, రాత్రి నీట నానవేసియో నాటవలెను. నీరు నిలువని, సున్నము తక్కువైన నేల కావలెను. తల్లివేరు లోతునకు దిగును గనుక ముదిరిన మొక్కను కదల్పరాదు. విత్తువలన తల్లివన్నె తప్పక వచ్చునను నమ్మకము లేదు. అదే వన్నె కావలెనన్న వసంతమున మొదటినుండి వచ్చు పిలకను కోసి నాటవలెను. గింజలు చేదు, తినిన హాని. మన మైదానముల యెండకు ఈ మొక్క యాగదు.

న్యూజీలండులో తోటలు దాటిపోయిన యీ మొక్క గులకరాతి నదీగర్భములను ఆక్రమించినది. తన యాహారమును తానే సమకూర్చుకొనగలదు గనుక, ఇతర మొక్కలు బ్రతుకలేని చోటను ఇది గుబురుగా పెరుగును. ఆ బట్టబయలు గులకరాళ్లపై గ్రుడ్లు పెట్టు కాకీ అను నల్లని పక్షి లోకమున మిక్కిలి అరుదైనది. దానికి గూటిచోటు కరవగుచున్నది. వేసవిలో ఆ రంగులు చూచుటకు దూరదేశములనుండి జనులు పోవుదురు. పక్షులను కాపాడువారు అవే మొక్కలను నదులలో వెదకి నిర్మూలించుచుందురు.