రంగు ఫిల్ము – పరాయి రసాయనము

బెంగుళూరున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పాత ఫోటో ఆల్బము లేని యిల్లు అరుదు. నలుపు తెలుపు పటములు తాతముత్తాతల ముఖములను నేటికిని చక్కగా చూపుచున్నవి. తరువాతి కాలపు రంగు పటములలో పెక్కు వెలిసిపోయినవి. కావున రంగు ఫిల్ము స్వభావము నెఱుగుట మనకు కేవలము వినోదము కాదు.

ఛాయాచిత్రకళతో ఈ నగరమునకు గల అనుబంధము గట్టిది. 1953లో ఏర్పడిన భారత ఛాయాచిత్ర సమాఖ్యకు ఎంతో సేవ చేసిన డాక్టరు జి. థామస్ గారు బెంగుళూరు వాసి. 1840 మొదలు 1980 వరకు మన దేశమున ఈ కళ నడచిన త్రోవను వర్ణించిన వారి ఆంగ్ల గ్రంథమును 1981లో ప్రకటించినది ఆంధ్రప్రదేశ్ ఫోటోగ్రఫీ అకాడమీ. ఇచ్చటి రచయిత కృషికి తెలుగుగడ్డపై ఆదరము లభించుట మనకు ముచ్చట గొల్పును.

రంగు ఫిల్మున మూడు ముఖ్యమైన పొరలుండును. అవి నీలి, ఆకుపచ్చ, ఎఱుపు వెలుగులను వేర్వేరుగా గ్రహించును. కడుగునపుడు పొరలలోని ద్రవ్యములు డెవలపరుతో కూడి పసుపు, మెజెంటా, సయాన్ వర్ణములుగా మాఱును. ఈ సూత్రమును 1912 నాటికే జర్మనీ దేశీయుడు రుడాల్ఫ్ ఫిషర్ కనుగొనెను. కొడాక్ సంస్థ 1972లో నెగటివు ఫిల్ములకు సి–41 విధానమును, అదే దశకమున స్లైడు ఫిల్ములకు ఇ–6 విధానమును ప్రవేశపెట్టెను. రెంటి రంగు డెవలపర్లును వేఱు. స్లైడు విధానమున మొదట నలుపు తెలుపు డెవలపరు, పిదప బింబమును తిరుగవేయు స్నానము కూడ నుండును.

స్లైడు ఫిల్మును సి–41లో కడిగినచో ఆ రెండు మెట్లును తప్పిపోవును. నెగటివు బింబమే మిగులును. అచ్చు వేయగా వెలుగునీడల భేదము తీవ్రమై, రంగులు గాఢమై, ఫిల్మును బట్టి ఆకుపచ్చకో నీలికో మొగ్గును. దీనినే క్రాస్ ప్రాసెసింగ్ అందురు. 1999 నాటి 'త్రీ కింగ్స్' అను అమెరికా చలనచిత్రమున ఈ పద్ధతిని బుద్ధిపూర్వకముగనే వాడిరి.

మాకు మాత్రము ఇది బుద్ధిపూర్వకముగా వచ్చినది కాదు. మా అమ్మమ్మగారి కడపటి ఉగాదినాడు తీసిన స్లైడు ఫిల్మును ఒక దుకాణమువారు పొరబాటున నెగటివు రసాయనమున కడిగిరి. ఆమె పట్టుచీర పచ్చబాఱినది. మామిడి తోరణము నల్లబడినది. చెంపల ముడుతలు తెల్లని వెలుగులో కలిసిపోయినవి. ఒకసారి ఏర్పడిన వర్ణమును వెనుకకు త్రిప్పు రసాయనము లేదు. ఆ పటములు చూచిన మిత్రులు "ఎంత వింతగా నున్నవి!" అని మెచ్చుకొనిరి. మేము ఊరకుంటిమి.

తరువాత మేమును లాల్‌బాగు గాజు మందిరము చెంత బుద్ధిపూర్వకముగా ఈ ప్రయోగము చేసితిమి, ఆనందించితిమి. కాని ఒకే దృశ్యమును రెండు ఫిల్ములపై తీసి, ఒకదానిని దాని సొంత విధానముననే కడిగించితిమి. ప్రయోగము చేయదలచిన మన యువకులకు మేము చెప్పునది ఇంతియే: పూలపై చేయుడు, చెట్లపై చేయుడు, మరల రాని ముఖములను మాత్రము వాని సహజ వర్ణములతోనే భద్రపఱచుడు.