పెరట్లో పుంజులు ఎక్కువైతే ఏం చేద్దాం? మన కోడి చరిత్ర ఏం చెబుతోంది?



సెలవులకు ఇంటికెళ్లిన మనవాళ్లు ఈమధ్య ఒకే మాట అడుగుతున్నారు. "పెరట్లో పుంజులు ఎక్కువైపోయాయి. పొద్దస్తమానం కొట్టుకుంటున్నాయి, పెట్టల్ని మేత తిననివ్వట్లేదు. ఏం చెయ్యాలి?" మేం మొదట నవ్వేసి "కోసుకు తినండి" అన్నాం. తర్వాత పెద్దవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడితే, ఈ చిన్న ప్రశ్నలో మన చరిత్ర చాలా ఉందని తెలిసింది. అందుకే ఇంత రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చూద్దాం. పొదిగిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే ఉంటాయి. పెట్ట కింద పన్నెండు గుడ్లు పెడితే 21 రోజులకు పది పిల్లలు లేచాయనుకోండి. గద్ద, పిల్లి, ముంగిస ఎత్తుకుపోగా ఆరు మిగిలితే, అందులో మూడు పుంజులు. కానీ పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. అంటే పుంజులు ఎక్కువవడం కొత్తేం కాదు, కోడి ఉన్నప్పటి నుంచీ ఉన్నదే. మరి మన అవ్వలకు ఇది సమస్యగా ఎందుకు కనిపించలేదు?

అడవి నుంచి పెరటికి

మన ఇంటి కోడికి మూలం ఎర్ర అడవి కోడి. అది మనిషి దగ్గరికి ఎలా వచ్చిందనే దానిపై 2022లో ఒక పెద్ద పరిశోధన వెలువడింది. ఇంటి కోడి అని గట్టిగా చెప్పగల ఎముకల్లో అన్నిటికంటే పాతవి థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్ అనే చోట దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 1650–1250 మధ్య. వాన మీద ఆధారపడి మెట్ట వరి, చిరుధాన్యాలు పండించే ఊళ్ల దగ్గరికి గింజల కోసం అడవి కోళ్లు దిగి వచ్చాయని, అక్కడే మెల్లగా మచ్చికయ్యాయని ఆ పరిశోధకులు అంటారు. మనకిది కొత్త కథలా అనిపించదు. పోడు చేలో సామ, కొర్ర గింజపట్టే వేళకు అడవి కోడి ఎలా వస్తుందో మన ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు.

పుంజుకు దారి ముందే ఉండేది

అప్పట్లో పుంజుపిల్లకు తోక ఈకలు వచ్చేసరికే అది ఎక్కడికి పోవాలో ఇంట్లో తేలిపోయేది. ఒకటి భూమి పండక్కి, ఒకటి మామిడి పండక్కి. ఒకటి జ్వరం తగ్గితే ఇస్తామని మొక్కుకున్నది. ఒకటి అల్లుడొస్తే కోయడానికి. చేలో సాయం పట్టిన వాళ్లకు కూరకి ఒకటి. ఉప్పు, బట్ట కావాలంటే సంతకి ఒకటి. పాపికొండల్లోని కొండరెడ్ల గురించి హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. అందులోనూ పండగ పండక్కీ కోడిని బలివ్వడం కనిపిస్తుంది.

ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీలో "వాటా" అనే పద్ధతి ఉంది. కోళ్లు లేని ఇంటికి ఒక పెట్టను ఇస్తారు. అది పొదిగి పిల్లలు లేచాక రెండిళ్ల వాళ్లూ పంచుకుంటారు. ఇది ఆడవాళ్ల చేతుల్లో నడిచే వ్యవహారం. కాగితం లేదు, వడ్డీ లేదు. తెగులొచ్చి ఒక ఊళ్లో కోళ్లన్నీ పోయినా, వాటాకి ఇచ్చిన కోడి పిల్లలు ఇంకో ఊళ్లో బతికుండేవి. ఆ జాతి మళ్లీ ఇంటికి చేరేది.

అన్నీ మంచి రోజులే అని చెప్పం. వెట్టి రోజుల్లో అధికారి ఊళ్లోకి వస్తే ముందు పట్టేది పుంజునే, డబ్బు ఇచ్చేవాడు కాదు అని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. మన పుంజుకు ధర చెప్పే నోరు మనకు లేకుండా పోయిన కాలం అది.

"మిగులు" అనే మాట ఎలా వచ్చింది

1920ల్లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక్కరోజు పిల్లను చూసి అది పుంజో పెట్టో చెప్పే పద్ధతి కనిపెట్టారు. గుడ్ల కోసమే కోళ్లు పెంచే పరిశ్రమకు పుంజుతో పని లేదు. అందుకే హేచరీల్లో పుట్టిన రోజే పుంజుపిల్లల్ని చంపేయడం మామూలైపోయింది. జర్మనీ దీన్ని 2022 జనవరి నుంచి నిషేధించింది. పుంజు దండగ అనే ఆలోచన అలాంటి చోట పుట్టింది, మన పెరట్లో కాదు.

మన దగ్గరికి అది ఇంకో రూపంలో వచ్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అనే రకాల్ని తయారు చేసింది. త్వరగా బరువొస్తాయి, గుడ్లు ఎక్కువ పెడతాయి, చాలామందికి మేలు జరిగింది, కాదనం. కానీ ఆ పెట్టలు సరిగా పొదగవు. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ కొనాలి. వాటి పుంజులు మన నాటు పెట్టల్తో కలిస్తే, పొదిగే గుణం, గద్దను చూసి పిల్లల్ని రెక్కల కింద దాచే గుణం తరతరానికీ తగ్గిపోతాయి.

మేం చేసిన తప్పు

ఇది మాలో ఒకరి ఇంటి సంగతి. ఆ ఇంట్లో ఒక డేగ పుంజు ఉండేది. ఎత్తుగా, బలంగా ఉండేది. ఊళ్లో సగం కోళ్లకు అదే తండ్రి. సంక్రాంతికి ముందు పల్లం నుంచి పందేల వ్యాపారి వచ్చి మంచి ధర ఇస్తానన్నాడు. అవ్వ వద్దంది. మేమే నచ్చజెప్పి అమ్మించాం. ఆ డబ్బుతో హాస్టల్‌కి పెట్టె, దుప్పటి కొన్నాం. ఇంట్లో మిగిలింది ఎవరూ కొనని బక్క పుంజు. మరుసటి ఏడు పిల్లలన్నీ దానిలాగే పుట్టాయి. ఎండాకాలం కొక్కెర తెగులొస్తే ఒక్కటీ నిలబడలేదు. అవ్వ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఖాళీ గంప బోర్లించి మూల పెట్టేసింది.

అప్పుడు అర్థమైంది. ఏ పుంజును వదిలించుకోవాలని కాదు, ఏ పుంజును ఉంచుకోవాలని ముందు అడగాలి. అది తేలితే మిగతావాటి సంగతి సులువు. మనం ఏళ్ల తరబడి తలకిందులుగా చేస్తున్నాం. మంచివాటిని అమ్మి, అమ్ముడుపోనివాటిని విత్తనానికి ఉంచుతున్నాం. వడ్ల విషయంలో ఏ రైతైనా ఇలా చేస్తాడా?

ఇప్పుడు ఏం చేద్దాం

పుంజులకు నాలుగైదు నెలలు రాగానే ఇంట్లో ఆడవాళ్లతో కూర్చుని రెండింటిని ఎంచుకోండి. ఒకటి పోయినా ఒకటుంటుంది. తల్లి బాగా పొదిగేదై ఉండాలి, పుంజు తెగులుకు తట్టుకున్నదై ఉండాలి. ఈ రెండింటికీ బేరం లేదు, ఎంత ధర చెప్పినా సరే.

ఒకే పుంజు ఏళ్ల తరబడి తన పిల్లలతోనే కలిస్తే జాతి బలహీనపడుతుంది. ఏడాదికో రెండేళ్లకో మేనమామ ఊరి పుంజుతో మార్చుకోండి. వాటా పద్ధతిని పుంజులకూ వాడుకుందాం.

మిగతావాటిని పండగలకు, చుట్టాలకు, ఇంటి కూరకు లెక్క వేసుకోండి. పిల్లలకు, బాలింతలకు ఆ మాంసం పెట్టడం దండగ కాదు. అమ్మేటప్పుడు కంటి చూపు మీద ఇవ్వకండి, తూకం వేసి అమ్మండి. సంతలో ధర తెలుసుకునే అమ్మండి. మధ్యప్రదేశ్ ఝాబువాలో భిల్లుల నల్ల కోడి కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జాతిని నిలబెట్టుకుంటే దానికో పేరు, ధర వస్తాయి.

కత్తి కట్టే పందేలకు మాత్రం ఇవ్వొద్దు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం. పైగా మన తరాల విత్తనం ఒక్క పూటలో బరిలో పోతుంది. ఎండలు ముదరకముందే పశువుల ఆసుపత్రిలో అడిగి కొక్కెర తెగులు టీకా వేయించండి.

ఆ ఇంట్లో ఇప్పుడు మళ్లీ ఒక పెట్ట పొదుగుతోంది. పక్క ఊరి పిన్ని వాటాకి ఇచ్చింది. ఎప్పుడో అవ్వ ఇచ్చిన పెట్ట సంతతే అది. పిల్లలు లేస్తే మొదటి మంచి పుంజు ఎవరికీ అమ్మమని అవ్వకు మాటిచ్చాం.

మీ ఊళ్లో పుంజును ఎలా ఎంచుకుంటారో, వాటాని ఏమని పిలుస్తారో మీ అవ్వల్ని అడిగి రాయండి. వాళ్లు ఉండగానే రాసుకుందాం.