ముప్పదవ యేట మరల విద్యార్థి

“వయస్సు మీరినది, ఇంక క్రొత్త పని నేర్వగలమా?” అని వెనుదీయువారు మన సంఘములలో పలువురు గలరు. అట్టివారు డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ గారి చరిత్ర తెలిసికొనుట మేలు.

వీరు 1875లో అల్సేస్ ప్రాంతమున ఒక పాస్టరుగారి ఇంట జన్మించిరి. ముప్పది యేండ్లకే స్ట్రాస్‌బర్గ్‌లో ప్రసంగీకులుగా, వేదాంత బోధకులుగా, ఆర్గన్ విద్వాంసులుగా పేరొందిరి. 1904లో పారిస్ మిషన్ పత్రికలో గాబోన్ ప్రాంతపు అక్కరను గూర్చి చదివిరి. మరుసటి యేట, బంధుమిత్రులు వారించినను, వైద్య విద్యార్థిగా చేరిరి. డాక్టరు పట్టము చేతికి వచ్చుసరికి 38 యేండ్లు.

అయినను మిషన్ వారు వీరి వేదాంత అభిప్రాయములను శంకించిరి. బోధింపక వైద్యము మాత్రమే చేయుదునని మాట యిచ్చి, ఖర్చు తామే భరించి, 1913లో భార్య హెలీన్ గారితో లంబరేనే చేరిరి. ఆమె నర్సు శిక్షణ పొందినవారు. మొదట రోగులను చూచిన గది ఒక పాత కోళ్ళగూడు! అక్కడి మిషనరీలే పిదప ఆ కట్టుబాటు తొలగించి ప్రసంగింపనిచ్చిరి.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆసుపత్రికై చేసిన అప్పులు తీర్చినది పాత విద్యయే. ఆర్గన్ కచేరీలు, ఉపన్యాసములు, గ్రంథములు ఆ ధనము తెచ్చెను. 1924లో మరల లంబరేనే వెళ్ళిరి. 1952 నోబెల్ శాంతి బహుమతి సొమ్మును కుష్ఠురోగుల గ్రామమునకు వెచ్చించిరి. ఆఫ్రికావారిని సమానులుగాగాక చిన్న తమ్ములుగా ఎంచిరను విమర్శ కలదు, అది న్యాయమైనదే. 1965లో, 90 యేండ్ల వయస్సున, అక్కడనే కన్నుమూసిరి.

క్రొత్త పనికి పూనుకొనువారు నేర్చిన పాత పనిని పారవేయనక్కరలేదు. అదియే ఒకనాడు ఖర్చుకు అక్కరకు రావచ్చును.